చెప్పకుండా వచ్చిన ఇల్లు

మా వైపు చావింటికి వెళ్తే రెండు నియమాలు. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. అంటే అలాంటి పని మీదే ఆ ఇంటికి మళ్ళీ వస్తామని అర్థం. చెప్పకుండా లేచి వచ్చేయాలి. రెండోది, మన ఇంటికి చేరాక తల మీద నీళ్ళు పోసుకోకుండా గడప తొక్కకూడదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే కాబట్టి వీటి గురించి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించక తప్పని ఒక ఏడాది గురించి ఇప్పుడు రాస్తున్నాను.

నేను తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. నలభై దాటాక పరిశోధన మొదలుపెట్టాను. సముద్రం మీద మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాల్లో కొందరు తేరుకుంటారు, కొందరు తేరుకోలేరు, అది ఎందుకన్నది నా విషయం. రేపల్లె అవతలి పల్లెలకు వెళ్ళి, ఆ ఇళ్ళలో కూర్చుని, వాళ్ళు చెప్పేది ఫోన్లో రికార్డు చేసుకుని వచ్చేదాన్ని. ఆ పనిలో ఉండగానే నాకు జబ్బు చేసింది. ఇప్పుడు చాలావరకు తగ్గింది. ఇలాంటిదే వచ్చి ఎవరైనా గుండె డాక్టర్ల చుట్టూ తిరుగుతూ ఉంటే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. సగం నా కోసమే రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి

పొలాల్లో మినుము పీకుతున్న రోజులు. రేపల్లె ప్యాసింజరు దిగి, ఆటోలో పల్లెకు వెళ్ళి, నాంచారమ్మ గారింటికి మొదటిసారి వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి. ఎండుచేపల వ్యాపారం చేసేది. అంతకు కొన్ని నెలల ముందు గాలివానలో ఆమె భర్త పోతురాజు వెళ్ళిన పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు. ఆయన చేరలేదు. శవం కూడా దొరకలేదు.

"ఏంటి, మీరు కూడా పేపరోళ్ళా?" అంది ఆమె, అరుగు మీద చాప వేస్తూ.

"కాదండి. కాలేజీలో పాఠాలు చెప్తాను."

"మాకేం చెప్తారు మరి?"

"చెప్పడానికి కాదండి, వినడానికి వచ్చాను."

"వినడానిక్కూడా జీతం ఇస్తారా?" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఈమె తేరుకునే మనిషేనని మనసులోనే ఒక మార్కు కూడా వేసేశాను. అంత తొందర నాది.

తర్వాత ఆమె చెప్పింది వింటే ఆ మార్కు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మొదట్లో వచ్చినోళ్ళందరూ 'వెళ్ళొస్తా నాంచారమ్మా' అని చెప్పే వెళ్ళారు. ఒకరోజు మా ఆడబిడ్డ చెప్పకుండా లేచిపోయింది. ఇంకో రోజు మా పెదమావ. అట్టా ఒక్కొక్కళ్ళే. ఆయన పోయాడని నా మొహం మీద ఎవురూ అనలేదు. అనకుండానే చెప్పారు. ఇప్పుడు నాకు అదే పనైపోయింది. ఎవరొచ్చినా ఆళ్ళ మాటలు నాకెక్కవు. లేచేటప్పుడు చెప్పి వెళ్తారా, చెప్పకుండా వెళ్తారా, అదే చూస్తా కూర్చుంటా."

సాయంత్రం అయ్యింది. నేను బ్యాగు సర్దుకున్నాను. ఆమె నా నోటి వంక చూస్తోంది. అన్నీ నేర్పిన మా చదువులో ఇది లేదు. "వెళ్ళొస్తానండి" అంటే ఆయన బతికే ఉన్నాడని ఆమెతో పాటు నేనూ నమ్మినట్టు. ఊరుకుంటే ఊళ్ళో వాళ్ళతో కలిసి నేనూ తీర్పు చెప్పినట్టు. మాటల మధ్యలో నిద్ర పట్టడం లేదని కూడా ఆమె అంది, ఆ వంకతో బాపట్లలో ఒక మానసిక వైద్యుడి పేరు కాగితం మీద రాసిచ్చాను. ఆమె చెల్లెలు బాపట్లలోనే ఉంటుంది. "ఈయన్ని ఒకసారి కలవండి, జాగ్రత్తండి" అని గబగబా ఆటో ఎక్కేశాను. ఆమె "సరే" అనడం వెనక నుంచి వినిపించింది.

తిరుగు రైల్లో భట్టిప్రోలు దాటాక గుండె మీద ఎవరో కూర్చున్నట్టు అయ్యింది. పొద్దున తిన్న పెసరట్టు అనుకున్నాను. వేమూరు వచ్చేసరికి చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి సగంలోనే ఆగిపోవడం మొదలుపెట్టింది. చచ్చిపోతున్నానని అనిపించింది. అనిపించడం కూడా కాదు, తెలిసిపోయింది. ఎదురుగా కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న ముసలామె నా చెయ్యి పట్టుకుని, "తెనాలి వచ్చేస్తందమ్మా, ఇదిగో వచ్చేస్తంది" అంటూనే ఉంది. ఆమె ఎవరో నాకు తెలియదు. దిగాక ఆమె కోసం చూశాను గానీ జనంలో కనపడలేదు.

ఇంటి వెనక మా అత్తగారు నీళ్ళు కాచి ఉంచారు. అమృతలూరు మనిషి, వ్యవసాయం చేసి చేసి రాటుదేలిన మనిషి. నేను ఏ పల్లెకు వెళ్ళొచ్చినా దొడ్డి గుమ్మం దగ్గరే ఆపేవారు. "నువ్వు వెళ్ళేది చావిళ్ళకే కదమ్మాయ్, పరిశోధన అంటే మైల పోతుందా?" అనేవారు. వాదించడం కంటే స్నానమే తేలికని నేనూ పోసుకునేదాన్ని. ఆ రోజు మొదటి చెంబు తల మీద ఒంపుకోగానే ముక్కులోకి, నోట్లోకి నీళ్ళు వచ్చినట్టు, పైకి రాలేకపోతున్నట్టు అయ్యింది. చెంబు వదిలేసి గోడ పట్టుకున్నాను. భుజాలు మాత్రం తడుపుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, పోసుకున్నట్టే లోపలికి వెళ్ళాను.

మార్చి, ఏప్రిల్

ఈ రెండు నెలలూ గుండె చుట్టూ తిరిగాం. తెనాలిలో ఒక ఆసుపత్రి, ఆ తర్వాత విజయవాడలో ఇంకొకటి. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే మనిషికి ఒక వింత కోరిక పుడుతుంది. ఏదో ఒకటి ఉందని చెబితే బావుండునని. ఉందంటే భయం, లేదంటే అంతకంటే భయం. ఈసీజీ తీసే అమ్మాయి నా పాత విద్యార్థిని. "మేడం, మీరేంటి ఇక్కడ?" అంది. "ఊరికే, వయసొచ్చింది కదమ్మా" అన్నాను. తీగలు అంటిస్తూ ఆ పిల్ల చల్లటి చేతుల్ని ముందు రెండూ రుద్దుకుని వెచ్చ చేసుకుంది. ఎన్నో పరీక్షలు చేయించుకున్నాను గానీ ఆ పని చేసింది ఆ పిల్లొక్కతే.

గుండె రాయిలా ఉందన్నారు డాక్టరు. మా ఆయన మురళికి ఎరువుల కొట్టు ఉంది. ఆయన ఆ మాట విని కొట్టులో అందరికీ స్వీట్లు పంచారు. వారం తిరగకుండా నేను మళ్ళీ రొమ్ము పట్టుకుని కూర్చుంటే ఆయన మొహం మారిపోయింది.

"బానే ఉందన్నారు కదా సుజా. ఇంకేంటి?"

"ఏమో అండి. ఊపిరి ఆడటం లేదు."

"కాసేపు ఆ సంగతి తలుచుకోకుండా ఉండు."

తలుచుకోకుండా ఉండమని చెప్పకూడదని నేను క్లాసులో ప్రతి ఏడూ చెప్తాను. అప్పుడు నాకు కోపం రాలేదు, ఆయన మీద జాలి వేసింది. ఆయనకీ నాకూ మధ్య ఆ రోజు నుంచి మాటలు తగ్గాయి. కొట్టు నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ మార్చిలోనే రెండో సంవత్సరం పిల్లలకు ఈ జబ్బు పాఠమే చెప్పాను. గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతామన్న భయం, అన్నీ బోర్డు మీద నా చేత్తోనే రాశాను. రాసి, సుద్దముక్క దులుపుకుని, స్టాఫ్ రూంలోకి వచ్చి, విజయవాడలో ఇంకో గుండె డాక్టరు పేరు కనుక్కున్నాను. పాఠంలో ఉన్న జబ్బు పాఠం చెప్పేవాళ్ళకు రాదని నాకు ఏ మూలో నమ్మకం. చెప్పేవి శ్రీరంగ నీతులంటే ఇదే.

వేట ఆపిన రోజులు

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట నిషేధం ఉంటుంది. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు ఇళ్ళలో ఉంటారు. నా పనికి అదే అనువైన కాలం. నేను ఒక్క పల్లెకూ వెళ్ళలేదు. రికార్డు చేసుకున్న మాటలు వినడానికి ఫోను తీస్తే అరచేతులు చెమట పట్టేవి. విననవసరం లేకుండానే అవి వినిపించేవి. కూర తరుగుతుంటే ఒక తల్లి గొంతు, బట్టలు ఆరేస్తుంటే ఒక పెళ్ళాం గొంతు. నాంచారమ్మ గారి నంబరు నుంచి ఫోన్లు వచ్చాయి. తీయలేదు. తీస్తే, "ఆ రోజు చెప్పకుండా ఎందుకు వెళ్ళారు?" అంటుందని భయం. ఆమె నిద్ర కోసం డాక్టరు పేరు రాసిచ్చిన మనిషిని, నేను నిద్ర లేకుండా ఆమె ఫోనుకు దాక్కుంటున్నాను.

తలస్నానం పూర్తిగా మానేశాను. జుట్టు అట్టలు కట్టింది. ఇంటర్ చదివే మా అమ్మాయి, "అమ్మా, వాసన వస్తోంది" అని మెల్లగా అంది. మా అత్తగారు అంత మెల్లగా అనలేదు.

"ఆ ఇళ్ళన్నీ తిరిగి మైలంతా నెత్తిన పెట్టుకొచ్చావు. ఊళ్ళో వాళ్ళ దుఃఖాలు తీరుస్తావు గానీ నీ ఇంటో పిల్ల మొహం చూశావా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

నీళ్ళు తాగుతూ ఉన్నాను, చేతిలో ఇత్తడి చెంబు ఉంది. దాన్ని గోడకేసి కొట్టాను. అత్తగారికి తగల్లేదు గానీ తగిలేంత దగ్గరగా వెళ్ళింది. మా అమ్మాయి తన గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. నన్ను చూసి నా కూతురు గడియ పెట్టుకుంది. ఆ చప్పుడు విన్నాక నాకు గుండె జబ్బు మీద ఆశ పోయింది. నాకు పిచ్చెక్కుతోంది అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాట వాడకూడదని పిల్లలకు చెప్పిన దాన్ని, నా గురించి నేను వాడుకున్న మొదటి మాట అదే.

మర్నాడు పొద్దున్నే అత్తగారు దొడ్లో ముక్కాలి పీట వేశారు. చెంబుకు సొట్ట పడింది, అదే చెంబు తెచ్చారు.

"ఇట్రా. కూర్చో."

"వద్దత్తయ్యా. నావల్ల కాదు."

"నువ్వేం చేయొద్దు. కూర్చో చాలు."

నా తల వెనక్కి వాల్చి, చంటిపిల్లలకు పోసేటప్పుడు పెట్టినట్టు నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. చుక్క నీరు కూడా మొహం మీదకు రాలేదు. "ఊపిరి పీల్చు. నువ్వు పీల్చేదాకా ఆగుతాలే" అన్నారు. ప్రతి చెంబుకూ ఆగారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక్క మాట అడగలేదు. కుంకుడు పులుసు కళ్ళలో పడిందేమోనని మాత్రం అడిగారు.

తల తుడుస్తూ, "మైల అన్నాననుకో. నీళ్ళతో పోయేది కాదులే ఇది. డాక్టరు దగ్గరికి వెళ్ళు" అన్నారు. ఆవిడే ఆ మాట అన్నాక, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామనడానికి మా ఆయనకు ధైర్యం వచ్చింది.

జూన్ చివర, బాపట్ల

తెనాలిలో నన్ను గుర్తుపట్టని వీధి లేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడంలో సిగ్గేమీ లేదని ఎన్ని ఇళ్ళలో చెప్పి ఉంటాను. నా వంతు వచ్చేసరికి బాపట్ల అన్నాను. అక్కడి డాక్టరు నాకు ఫోనులోనే పరిచయం, నేను పంపినవాళ్ళను ఆయన చూస్తారు. రైలు దిగాక మా ఆయన కూడా లోపలికి వస్తానన్నారు. బయట టీ కొట్టు దగ్గరే ఉండమన్నాను. అక్కడే ఆగిపోయారు.

ఆ క్లినిక్ హాల్లో గోడ నిండా సముద్రం బొమ్మ. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక. మనశ్శాంతి కోసమని ఎవరో అంటించి ఉంటారు. కుర్చీలన్నీ దానికి ఎదురుగా ఉన్నాయి. నేను ఒక కుర్చీని ఇటు తిప్పుకుని దానికి వీపు పెట్టి కూర్చున్నాను. పక్కన అప్పటికే ఇంకొకామె అలాగే కుర్చీ తిప్పుకుని కూర్చుని ఉంది. నాంచారమ్మ గారు.

"మేడం గారా? నన్ను చూడటానికి వచ్చారా?"

"అవునండి" అనేశాను.

"అట్టాగా. నేను ఫోన్ చేస్తే ఎత్తరే?"

"పని మీద ఉండి... ఎందుకు చేశారండి?"

"తిట్టడానికి." దాపరికం లేకుండా చెప్పింది. "ఆ రోజు మీ మీద మంటెక్కింది నాకు. ఊళ్ళో వాళ్ళంటే సరే. ఈ చదువుకున్నావిడ కూడా నోరు మూసుకుని పోయిందే అని."

చేతిలో ఉన్న చీటీని మడత పెడుతూ కూర్చున్నాను. ఇంతలో కౌంటరు దగ్గరి అబ్బాయి గట్టిగా పిలిచాడు. "సుజాత గారు, తెనాలి. రెడీగా ఉండండి."

ఆమె నన్ను చూసింది, నా చేతిలో చీటీని చూసింది. ఇక నా దగ్గర అబద్ధం మిగల్లేదు.

"మీకేమవుద్ది?" అంది, గొంతు తగ్గించి.

"భయమండి. నెత్తిన నీళ్ళు పోసుకుంటే ఊపిరాడదు. మునిగిపోతున్నట్టు ఉంటది."

ఆమె నా మొహం వంక చూసింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత, "ఆయనకీ అట్టాగే అయ్యుంటది" అంది.

ఆయన సంగతి అయిపోయిన సంగతిగా ఆమె చెప్పడం నేను వినడం అదే మొదలు. ఆ మాట నా జబ్బు వల్ల ఆమె నోటి నుంచి వచ్చింది. ఏదో ఒకటి అనబోయాను. "ఊరుకోండి" అని, నా బ్యాగు తన ఒళ్ళోకి లాక్కుంది. "మీరెళ్ళి రండి లోపలికి. నేను చూస్తంటాలే."

డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. "ఈ విన్నవన్నీ మీరు ఎవరితో చెప్పుకున్నారండి?" అని అడిగారు.

"ఎవరితోనూ చెప్పకూడదు కదండి. గోప్యత ఉంటుంది."

"వాళ్ళ పేర్లు చెప్పకూడదు. మీకేమవుతోందో చెప్పుకోవచ్చు కదా."

ఇంత చిన్న మాట కోసం ఇంత దూరం రావాల్సి వచ్చింది. మందులు రాశారు, వారం వారం రమ్మన్నారు. బయటికి వస్తే నాంచారమ్మ గారు నా బ్యాగు నా చేతికిచ్చి, తన మందులు కొనుక్కొచ్చిన చెల్లెలితో కలిసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని చెప్పలేదు. ఆసుపత్రిలో కూడా ఆ మాట ఎవరూ అనరు, అంటే మళ్ళీ జబ్బుతో రావాలని అర్థం. అందుకే అనలేదని నాకు తెలుసు. తెలిసినా, అందుకేనా, లేక కోపమా, లేక నేను ఇక బాగుపడనని అనుకుందా అని ఆ గుమ్మం వంకే చూస్తూ నిలబడ్డాను. నెలల తరబడి ఆమె చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది.

టీ కొట్టు దగ్గర మా ఆయనకు మొత్తం చెప్పాను. పేర్లు చెప్పలేదు. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని అంతా విన్నారు. టీ చల్లారిపోయింది. "నాకు చెప్పొచ్చు కదా" అన్నారు. "మీరు తలుచుకోవద్దన్నారు కదండి" అన్నాను. "తప్పే" అన్నారాయన.

ఆ తర్వాత

తేలిగ్గా తగ్గలేదు. ఆగస్టులో బాగున్నానని నేనే మందులు తగ్గించుకుని మళ్ళీ మంచం ఎక్కాను. మందు వాడేవాళ్ళు దయచేసి ఆ పని చేయకండి. మా అమ్మాయి గడియ పెట్టుకోవడం మానడానికి చాలాకాలం పట్టింది. ఒక సాయంత్రం తనే దువ్వెన తెచ్చి నా వెనక కూర్చుని చిక్కులు తీసింది. తల మీద నీళ్ళంటే ఇప్పటికీ నాకు ఒక క్షణం ఊపిరి ఆగుతుంది. ఆగిందని గమనించి, పీల్చుకుని, మళ్ళీ పోసుకుంటాను.

పరిశోధన వదిలేద్దామనుకున్నాను. అది వదిలేసినా ఫర్వాలేదు, పల్లెలో ఒక ఇల్లు ఉండిపోయింది. దాని వైపు వెళ్ళకుండా నేను బాగయ్యానని చెప్పుకోలేను.

కార్తీకంలో వెళ్ళాను. ఫోను, రికార్డు ఏమీ పెట్టుకోలేదు. రైల్లో భట్టిప్రోలు దగ్గర ఒళ్ళు బిగుసుకుంది, దిగిపోదామా అనిపించింది. దిగలేదు. మా అత్తగారు బయల్దేరేటప్పుడు, "వెళ్ళిరా. నీళ్ళు కాచి ఉంచుతా" అన్నారు.

నాంచారమ్మ గారి నుదుట బొట్టు లేదు. శ్రావణం వెళ్ళాక పెద్దవాళ్ళు ఒడ్డున దర్భలతో బొమ్మ చేసి, దాన్నే పోతురాజు అనుకుని కర్మ చేయించారట. "నేనే చేయించమన్నా" అంది. "చేశాక ఆ పూట నిద్ర పట్టింది. పట్టినందుకు మర్నాడు నన్ను నేనే తిట్టుకున్నా." అరుగు మీద ఎండుచేపల బుట్టలు మళ్ళీ వచ్చాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి సముద్రం వైపు చూస్తుంది. తేరుకుందా అని నన్నెవరైనా అడిగితే చెప్పలేను. ఇప్పుడు ఆ మార్కులు వేయడం మానేశాను.

పొద్దు వాలుతోంది. లేచాను, బ్యాగు భుజాన వేసుకున్నాను. కర్మ అయిపోయిన ఇల్లు. చెప్పొచ్చో లేదో మళ్ళీ తేలలేదు నాకు. చెప్పులు తొడుక్కున్నాను.

"మళ్ళీ నోరు మూసుకునే పోతున్నారా?" అంది.

"ఏమనాలో తెలియడం లేదండి."

"ఇది చావిల్లు కాదు ఇప్పుడు. నేను ఉంటన్నా ఇందులో."

"వెళ్ళొస్తానండి" అన్నాను.

"ఆ, రండి. ఈసారి చేపల పులుసు తిని వెళ్ళాలి."

తెనాలిలో దిగి దొడ్డిదారిన ఇంటికి వచ్చాను. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. సొట్ట చెంబు పక్కనే ఉంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి నన్ను పైకీ కిందికీ చూశారు.

"చెప్పకుండానే వచ్చావా?"

"చెప్పే వచ్చానత్తయ్యా."

ఆవిడ గుమ్మం నుంచి పక్కకు జరిగారు. "అయితే నీళ్ళెందుకు. లోపలికి రా."

కాగిన నీళ్ళు వృథా అవుతాయని మా అమ్మాయి పోసుకుంది. లోపల చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు వింటూ, నేను బయట పీట మీద కూర్చుని కాఫీ మొత్తం తాగాను.